ఉప్పు కరిగిందా, కలిసిందా? – ఉపాధ్యాయ శిక్షణలో రసాయనశాస్త్రం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగారు. రాయదుర్గం కోట గురించో, భైరవానితిప్ప ప్రాజెక్టు గురించో రాస్తానని అనుకొని ఉంటారు. వాటి గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. నేను రాయబోయేది బడిపంతుళ్ళ చరిత్రలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక మూల. పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పవలసిన ఉపాధ్యాయులు శిక్షణ కాలంలో దానిని తాము ఎట్లా నేర్చుకున్నారు, ఎక్కడ తికమక పడ్డారు, ఆ తికమక వల్ల మన గుమ్మఘట్ట వంటి చోట్ల జరిగిన నష్టం ఏమిటి అన్నదే విషయం. మన సభ్యులలో రిటైరైన ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. వారిని తప్పు పట్టడానికి రాస్తున్నది కాదని ముందే మనవి.

నాకు ఈ విషయంతో సంబంధం ఏమిటని అడగవచ్చు. నేను పి.యు.సి.లో రసాయనశాస్త్రం చదివి, 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో పదవీ విరమణ చేశాను. సర్వీసులో ఎక్కువ భాగం ఉపాధ్యాయుల ఎస్టాబ్లిష్‌మెంటు కాగితాలు చూశాను. ఇంక్రిమెంటు బకాయిలనీ, జి.పి.ఎఫ్. అప్పు అనీ వచ్చిన అయ్యవార్లు నా బల్ల ముందు గంటలకొద్దీ కూర్చునేవారు. డి.ఏ. మాటలు అయిపోయాక బడి మాటలు వచ్చేవి. అట్లా విన్నవీ, తరువాత పుస్తకాలలో చదివి సరిచూసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

మొదట నష్టం సంగతి. మన జిల్లాలో చాలా ఊళ్ళలో పిల్లలకు గారపళ్ళు ఉండడం అందరికీ తెలుసు. బడిలో వరుసగా నిలబెట్టి, "పళ్ళు తోముకోవడానికి కూడా బద్ధకమా" అని బెత్తం చూపిన అయ్యవార్లను నేను చూశాను. వారిలో చెడ్డవారు లేరు. శుభ్రత పాఠం చెబుతున్నామనే అనుకున్నారు. కాని ఆ గార తోమితే పోయేది కాదు. పక్కా పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపల, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పంటి పింగాణీయే దెబ్బతింటుంది. వేపపుల్లతో తోమినా, పేస్టుతో తోమినా అది అట్లాగే ఉంటుంది. తప్పు నీళ్ళదైతే దెబ్బ పిల్లవాడికి పడింది.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట గుర్తించి వైద్యపత్రికలో ప్రకటించింది 1937లో. అదీ తెలుగునేల మీదనే. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో, 1970 తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతాలలో షార్ట్ అనే వైద్యుని బృందం దీనిని చూసింది. మరి 1937లో తెలిసిన సంగతి 1980లలో కూడా బడిలోని అయ్యవారికి ఎందుకు చేరలేదు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. జవాబు వెతుక్కుంటూ పోతే ఉపాధ్యాయ శిక్షణ చరిత్రలోకి పోవలసి వచ్చింది.

ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలనే ఆలోచన మద్రాసు రాజధానిలో పాతదే. 1856లో మద్రాసులో ప్రారంభమైన నార్మల్ స్కూలే తరువాత సైదాపేట టీచర్స్ కాలేజి అయింది. తెలుగు జిల్లాలకు రాజమండ్రిలో 1894లో ట్రైనింగ్ కాలేజి వచ్చింది. అవి పైతరగతుల వారికి. పల్లెబడి అయ్యవారికి హయ్యరు గ్రేడు, సెకండరీ గ్రేడు ట్రైనింగులు ఉండేవి. చేతిరాత, లెక్కలు, పాఠ్యప్రణాళిక రాయడం, తరగతిని అదుపులో పెట్టడం వాటిలో ముఖ్యం. 1937 నాటి వార్ధా పథకం తరువాత బేసిక్ ట్రైనింగు స్కూళ్ళు వచ్చి, రాట్నం, తకిలి, తోటపని ప్రధానమయ్యాయి. మంచి పనులే. కాని విజ్ఞానశాస్త్రం అంటే "ప్రకృతి పరిశీలన" అన్నంత వరకే ఉండేది. గుమ్మఘట్ట 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లా రాయదుర్గం తాలూకాలోది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన రోజున తాలూకాతో పాటు అనంతపురం జిల్లాకు వచ్చింది. అందువల్ల మా చిన్ననాటి పెద్ద అయ్యవార్లలో కొందరు కన్నడంలో చదివి, తెలుగులో చెప్పినవారు.

1964–66 నాటి కొఠారీ కమిషన్ మొదటి పదేళ్ళ చదువులో సైన్సు అందరికీ తప్పనిసరి కావాలని చెప్పింది. ఇక్కడ వచ్చింది చిక్కు. సైన్సు పిల్లలకు తప్పనిసరి అయింది గాని, చెప్పే అయ్యవారు అంతకు ముందు సైన్సు చదివినవాడే కావాలని ఎవరూ పట్టుబట్టలేదు, పట్టుబడితే మనుషులు దొరకరు. ఇంటర్‌లో చరిత్ర, అర్థశాస్త్రం చదివినవారు కూడా శిక్షణ పొంది, ప్రాథమిక తరగతులలో అన్ని సబ్జెక్టులూ చెప్పవలసిందే. 1986 జాతీయ విద్యావిధానం తరువాత జిల్లాకొక డైట్ సంస్థ వచ్చింది. మన జిల్లాది బుక్కపట్నంలో పెట్టారు. 2022లో జిల్లాల విభజనతో బుక్కపట్నం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. రాయదుర్గం, గుమ్మఘట్టల నుంచి ఆ రోజులలో అక్కడికి బస్సులు మారి పోవడమే ఒక శిక్షణ.

ఇట్లా వచ్చిన ట్రైనీలకు రసాయనశాస్త్రం అంటే ఎట్లాంటి భావం ఉండేది? ఒక్కమాటలో చెప్పాలంటే భయం, భయాన్ని కప్పడానికి కంఠతా. సంయోజకతల పట్టిక, మూలకాల సంకేతాలు విష్ణుసహస్రనామంలాగా అప్పజెప్పేవారు. సోడియానికి "ఎన్.ఏ." అని ఎందుకు రాస్తారో ఎవరూ అడగరు. ప్రయోగాల రికార్డు అందంగా ఉండాలి, ముందు సంవత్సరం వారి రికార్డు చూసి రాస్తే ఇంకా అందంగా వస్తుంది. "ఫలితం" అనే గడి ప్రయోగం చేయకముందే నిండేది. ఇది ఒక సంస్థ సంగతి కాదు, ఏ జిల్లాలో అడిగినా నాటివారు నవ్వుతూ ఒప్పుకుంటారు.

భయం ఒక్కటే కారణం కాదు. కాగితాల మనిషిగా నాకు తెలిసిన ఇంకొక కారణం ఉంది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం మొదలై బడులకు సైన్సు సామగ్రి పెట్టెలు వచ్చాయి. ఆ పెట్టె రాగానే ప్రధానోపాధ్యాయుడు మొదట చేసేది స్టాకు రిజిస్టరులో ఎక్కించడం. పరీక్షనాళికలు ఇన్ని, సారాదీపం ఒకటి, బీకర్లు ఇన్ని అని. ఒకసారి ఎక్కిందంటే అది పగిలితే ఎట్లా కొట్టివేయాలో పల్లె అయ్యవారికి చెప్పేవాడు లేడు. ఆడిట్‌వారు వస్తే "తక్కువ పడిన వస్తువుల విలువ ఎవరి జీతంలో రికవరీ చేశారు" అని అడుగుతారనే భయం. మూడు రూపాయల గాజునాళిక కోసం ఎవరు రాతకోతలు పడతారు? పెట్టె బీరువాలో, బీరువా తాళంలో, తాళంచెవి బదిలీ అయినవారి నుంచి వచ్చినవారికి చార్జి లిస్టులో. వాడితే అరిగిపోయే వస్తువుకు, నిలిచి ఉండే వస్తువుకు వేరు వేరు రిజిస్టర్లు ఉంటాయని సులభంగా నేర్పవచ్చు. శిక్షణలో ఆ ఒక్క పాఠం ఉంటే ఎన్నో పెట్టెలు తెరుచుకునేవని నా అభిప్రాయం.

ఇక అపోహల దగ్గరికి వద్దాం. వీటిలో చాలా వరకు మన మాటలలోనే ఉన్నాయి. "కరగడం" తీసుకోండి. నెయ్యి కరిగిందంటాం, ఉప్పు నీళ్ళలో కరిగిందంటాం. మొదటిది వేడికి ఘనం ద్రవం కావడం. రెండవది ఒక పదార్థం ఇంకొక దానిలో కంటికి కనబడనంత సన్నగా కలిసిపోవడం. ఇంగ్లీషులో రెండింటికీ వేరు మాటలు ఉన్నాయి, మనకు నిత్యవ్యవహారంలో ఒకటే. "కరిగి నీరైపోయింది" అనే పలుకుబడి కూడా ఉంది. అందువల్ల ఉప్పు నీరుగా మారిపోయిందని పిల్లవాడు అనుకుంటే వాడి తప్పు ఏముంది? పుస్తకంలో ద్రవీభవనం, ద్రావణం, ద్రావితం అని మంచి మాటలే ఉన్నాయి. అవి పరీక్ష కోసం నోటిలో ఉంటాయి, మనసులో మాత్రం కరిగి నీరైన ఉప్పే ఉంటుంది.

మా మనవరాలు డి.ఎల్.ఎడ్. చదివేటప్పుడు ఈ నిర్వచనాలు అప్పజెబుతుంటే అడిగాను.

"అమ్మాయీ, వంద గ్రాముల నీళ్ళలో పది గ్రాముల ఉప్పు వేసి కలిపితే బరువు ఎంత తూగుతుంది?"

"వందే కదా తాతా. ఉప్పు కరిగిపోయింది కదా, కనబడదు."

"అయితే నీళ్ళు ఉప్పగా ఎందుకున్నాయి?"

"రుచి మాత్రం ఉంటుంది తాతా."

వీధిలోని కిరాణా అంగడికి పోయి ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచాము. నూటపది గ్రాములు వచ్చింది. ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. "మాకెవరూ తూచి చూపలేదు తాతా" అంది. ఇంటర్‌లో సి.ఇ.సి. చదివిన పిల్ల. తెలివిలో తక్కువది కాదు, నా పెన్షను లెక్కలు అన్నీ ఆమే చూస్తుంది.

మన సీమలో ఇదే రసాయనశాస్త్రం బతుకుతెరువుగా ఉండేది. చవుడునేల మన్ను తెచ్చి, నీళ్ళు పోసి వడగట్టి, ఆ ఊటను ఎండబెట్టి మట్టి ఉప్పు తీసేవారు ఉప్పరవారు. కరిగించడం, వడపోయడం, ఇంకించడం మూడూ అందులో ఉన్నాయి. 19వ శతాబ్దం చివరలో ఉప్పు పన్ను కోసం మద్రాసు ప్రభుత్వం ఆ వృత్తిని అణచివేసింది. వృత్తి పోయింది, దానితో పాటు ఆ తెలివీ పోయింది. శిక్షణ పుస్తకాలలో వడపోత పాఠానికి గాజు గరాటు బొమ్మ వచ్చింది.

రెండవది ఆమ్లజని కథ. ఇది నాకు ఇష్టమైనది. మా తరం పుస్తకాలలో ఆక్సిజన్‌ను ఆమ్లజని అనీ, హైడ్రోజన్‌ను ఉదజని అనీ రాసేవారు. ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఈ పేరు మనవారు ఊహించినది కాదు, ఫ్రాన్సు శాస్త్రవేత్త లెవోయిజర్ 1770లలో పెట్టిన పేరుకు సరిగ్గా తెలుగు. ప్రతి ఆమ్లంలోనూ ఈ వాయువు ఉండి తీరుతుందని ఆయన నమ్మాడు. ఆయన అంతటివాడు అక్కడ పొరబడ్డాడు. క్లోరిన్ మూలకమేనని 1810లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ చెప్పిన తరువాత, ఆమ్లజని లేని ఆమ్లం ఉందని తేలింది. దానినే మనవారు ఉదజహరికామ్లం అన్నారు. పేరు విడదీసి చూడండి, ఉదజని ఉంది, క్లోరిన్‌కు పేరైన హరితం ఉంది, ఆమ్లజని లేదు. ఒకే పుస్తకంలో ఒక మాట పాత పొరపాటును మోస్తే ఇంకొక మాట దానిని దిద్దుతున్నది. ఈ రెండు మాటలు బోర్డు మీద పక్కపక్కన రాసి చూపిన శిక్షకుడు ఉంటే ఎంత బాగుండేది! దానికి బదులు "ఆమ్లజని లేనిదే ఆమ్లం లేదు" అని గట్టిగా చెప్పిన అయ్యవార్లను నేను ఎరుగుదును. తరువాత తెలుగు పుస్తకాలలోకి ఆక్సిజన్, హైడ్రోజన్ వచ్చాయి. నత్రజని మాత్రం ఎరువుల సంచీ పుణ్యమా అని రైతు నోట నిలిచింది. సరిహద్దు దాటి కర్ణాటకకు పోతే కన్నడ పుస్తకాలలో నేటికీ ఆమ్లజనక, జలజనక అనే ఉంటాయి. మా వైపు పెళ్ళిసంబంధాలు అటూ ఇటూ ఉన్నందున వేసవి సెలవులలో పిల్లలు ఒకరి పుస్తకం ఒకరు చూసి ఆశ్చర్యపోతుంటారు.

ఇవన్నీ చదివి, మన ట్రైనీలే ఇట్లా ఉన్నారేమోనని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. నీళ్ళు తెర్లేటప్పుడు లేచే బుడగలలో ఏముందని న్యూజిలాండ్‌లో ఆస్‌బర్న్, కాస్‌గ్రోవ్ అనే పరిశోధకులు పిల్లలను అడిగి 1983లో ప్రకటించారు. గాలి అని కొందరు, ఆక్సిజన్, హైడ్రోజన్ అని కొందరు చెప్పారు. ఉన్నది నీటి ఆవిరి. ఇదే ప్రశ్న అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి రసాయనశాస్త్రంలో పై పరిశోధన కోసం వచ్చిన విద్యార్థులకు ఇస్తే, వారిలో కూడా కొందరు తప్పే రాశారని అక్కడి ఆచార్యుడు బాడ్నర్ 1991లో రాశాడు. స్కాట్లండులో గ్లాస్గో ఆచార్యుడు జాన్‌స్టోన్ చెప్పిన కారణం నాకు సబబుగా తోచింది. రసాయనశాస్త్రంలో కంటికి కనబడేది ఒకటి, కనబడని అణువుల సంగతి ఒకటి, కాగితం మీద రాసే సంకేతాలు ఒకటి. తెలిసినవాడు మూడింటి మధ్య అటూ ఇటూ తిరుగుతాడు, కొత్తవాడు మూడింటినీ ఒకేసారి మోయలేక సంకేతాలను మాత్రం పట్టుకుంటాడు. మన రికార్డు పుస్తకం అదే కదా.

మన దేశంలోనే దీనికి వేరు దారి వేసినవారు ఉన్నారు. మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు బడులతో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమంలో, పిల్లలు చేయవలసిన ప్రతి ప్రయోగాన్నీ అయ్యవార్లు శిక్షణలో తమ చేతులతో చేసేవారు. తప్పు ఫలితం వస్తే అక్కడే తేల్చుకునేవారు. ముప్పై ఏళ్ళు నడిచాక 2002లో ప్రభుత్వం దానిని ఆపివేసింది. ఎందుకు ఆపారన్నది పెద్ద కథ, ఇక్కడ చోటు చాలదు. అందుకు పెద్ద ఖర్చు కూడా అక్కరలేదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని మన ఇళ్ళలో ఆడవారందరికీ తెలుసు, పారాణి, ఎర్రనీళ్ళ హారతి అదే. దానిలో నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు వస్తుంది. క్షారం, ఆమ్లం పాఠం అంతా ఒక పళ్ళెంలో ఉంది. అయినా లిట్మస్ కాగితం రాలేదని పాఠం వాయిదా వేసిన బడులు ఉన్నాయి.

మళ్ళీ నీళ్ళ దగ్గరికి వస్తాను. మనవారు "ఫ్లోరిన్ నీళ్ళు" అంటారు, పత్రికలూ అట్లాగే రాస్తాయి. ఫ్లోరిన్ అనేది లేత పసుపురంగు విషవాయువు. దానిని విడదీయబోయి ఎందరో ప్రమాదాల పాలయ్యాక, 1886లో మోయిసాన్ అనే ఫ్రెంచివాడు సాధించాడు, 1906లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన బోరునీళ్ళలో ఆ వాయువు లేదు. ఉన్నది రాళ్ళలోని ఖనిజాల నుంచి నీళ్ళలో చేరిన ఫ్లోరైడ్, అంటే ఒక రకం లవణ భాగం. తినే ఉప్పులో క్లోరిన్ వాయువు లేనట్టే ఇదీను. ఈ తేడా పేరుకు మాత్రమే కాదు. వాయువు అనుకున్నవాడు కాచితే పోతుందనుకుంటాడు. "నీళ్ళు కాచి తాగండి" అని పిల్లలకు చెప్పిన అయ్యవార్లు క్రిముల విషయంలో సరిగానే చెప్పారు. ఫ్లోరైడ్‌కు కూడా అదే మందని చెప్పినప్పుడే తప్పింది. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు రెండు లీటర్లు పొయ్యిమీద పెట్టారనుకోండి. మొత్తం 6 మిల్లీగ్రాములు. కాగి కాగి లీటరున్నర మిగిలితే నీరే ఆవిరైంది, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు లీటరుకు 4 మిల్లీగ్రాములు. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. గిన్నె అడుగున తెల్లటి గార కనబడుతుంది కనుక జనం మోసపోతారు. ఆ తెలుపు చాలా వరకు సున్నపు పదార్థం, నీటి కాఠిన్యం కొంత తగ్గిందనడానికి గుర్తు.

పటిక సంగతీ ఇంతే. చెరువునీళ్ళ బురద తేరడానికి చిల్లగింజ అరగదీయడం, పటిక తిప్పడం పాత అలవాటు. 1970లలో నాగపూరులోని నీరి సంస్థవారు సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటికలతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి రూపొందించారు. దానికి మన నల్గొండ పేరే పెట్టారు. అయితే అందులో పటిక లీటరుకు వందల మిల్లీగ్రాములు పట్టవచ్చు, నీటి గుణం చూసి మోతాదు కట్టాలి, తేరిన ముద్దను తీసి పారవేయాలి. రెండు తిప్పులు తిప్పిన పటికముక్కతో నీళ్ళు తేటబడతాయి, అంతే. తేటగా ఉన్నవన్నీ మంచి నీళ్ళు కావన్నది బడిలో చెప్పవలసిన మొదటి మాట.

1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం వచ్చి జిల్లాలో ఏడువందలకు పైగా ఊళ్ళకు నీళ్ళు ఇచ్చింది. ఇప్పుడు చాలాచోట్ల ఆర్.ఓ. ప్లాంట్లు, ఇరవై లీటర్ల క్యాన్లు వచ్చాయి. జనం వాటిని "ఫిల్టరు నీళ్ళు" అంటారు. మా మనవరాలు ఇప్పుడు పల్లెబడిలో పని చేస్తున్నది. పుస్తకం ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. వడపోత పాఠం రోజున ఐదవ తరగతి పిల్లలను ప్లాంటు దగ్గరికి తీసుకుపోయిందట. "గుడ్డతో వడగడితే ఉప్పు పోతుందా?" అని ముందే అడిగి, ఉప్పునీళ్ళు వడగట్టించి, రుచి చూపించి మరీ తీసుకుపోయింది. ప్లాంటులో ఒక గొట్టం నుంచి క్యాన్లలోకి నీళ్ళు పడుతున్నాయి, ఇంకొక గొట్టం గోడ వెనక్కి పోయింది. ఒక పిల్లవాడు వెనక్కి పోయి చూసి వచ్చి, "మేడమ్, ఆ నీళ్ళు మోరీలోకి పోతున్నాయి, ఫ్లోరైడ్ అంతా దాంట్లోనే ఉందా?" అని అడిగాడు. ఉందని చెప్పిందట. ఆ మోరీ పోయి చేరేది పాత చేదబావి పక్కనున్న గుంటలోకి. అక్కడ గొర్రెలు, ఎనుములు నీళ్ళు తాగుతాయి. పిల్లలందరూ కలిసి ఆ సంగతి సర్పంచుకు అర్జీగా రాశారు. ముసాయిదా దిద్దమని మనవరాలు నాకు పంపింది, అక్షరదోషాలు రెండే ఉన్నాయి.